పాఠకుల ప్రశ్నలు: దీపపు ఎరలో పడిన రెక్కల పురుగుల లెక్క

ప్రశ్న: గత తొలకరి నుంచి మా పెరట్లో వారానికి రెండు రాత్రులు దీపపు ఎర (కాంతికి వచ్చిన పురుగులు గరాటులోంచి కింది డబ్బాలో పడే అమరిక) పెడుతున్నాను. ఉదయం అడుగు డబ్బాలోని రెక్కల పురుగులను (మాత్‌లను) లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసి, తరువాత వదిలేస్తాను. ఒక్కో రాత్రి అరవై, డెబ్బై పడతాయి, ఒక్కో రాత్రి ఒక్కటి కూడా పడదు. పడని రోజు పేజీ ఖాళీగా ఉంచుతున్నాను. సగానికి పైగా వాటి పేర్లు నాకు తెలియవు. ఇలా రాయడం వల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా? ఉండాలంటే ఏమేమి రాయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఖాళీ పేజీల సంగతి చూద్దాం. వచ్చే ఏడాది మీరే ఆ పుస్తకం తెరిస్తే, ఆ రాత్రి ఎర పెట్టలేదో, పెట్టినా కరెంటు పోయిందో, దీపం తెల్లవార్లూ వెలిగినా ఏమీ పడలేదో తెలుసుకునే మార్గం ఉండదు. ఈ మూడూ వేర్వేరు విషయాలు. అందువల్ల ఏమీ పడని రాత్రి కూడా తేదీ వేసి, “దీపం వెలిగింది, ఏమీ పడలేదు” అని తప్పక రాయండి. నా దృష్టిలో డెబ్బై పడిన పేజీ ఎంత విలువైనదో ఈ పేజీ అంత విలువైనది.

ఎందుకంటే డబ్బాలో పడిన సంఖ్య మీ పెరట్లో ఉన్న పురుగుల సంఖ్య కాదు. ఆ రాత్రి ఎగిరిన వాటిలో, కాంతికి వచ్చే స్వభావం ఉన్న వాటిలో, మీ గరాటులోకి జారిన వాటి లెక్క మాత్రమే. అది బల్బు మీద, ఎర పెట్టిన చోటు మీద, వెన్నెల మీద, గాలి మీద ఆధారపడి మారుతుంది. కాబట్టి మీ చేతిలో ఉన్నవాటిని మార్చకుండా ఉంచాలి, చేతిలో లేనివాటిని రాసిపెట్టాలి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1933లో దీపపు ఎరతో లెక్కలు మొదలుపెట్టారు. అక్కడి ఎరలలో వాడింది 200 వాట్ల మామూలు ఫిలమెంటు బల్బు. అతినీలలోహిత కాంతినిచ్చే దీపాలకు ఇంతకంటే చాలా ఎక్కువ పురుగులు వస్తాయని తెలిసినా, పాత లెక్కలతో కొత్త లెక్కలను పోల్చే వీలు పోకూడదని దశాబ్దాల తరబడి ఆ బల్బునే కొనసాగించారు. మీరు కూడా సీజను మధ్యలో బల్బు రకం మార్చకండి. మార్చక తప్పకపోతే, మార్చిన రాత్రి నుంచి కొత్త పుస్తకం మొదలుపెట్టినట్టుగా భావించి, ఆ విషయం ఎర్ర సిరాతో రాయండి. ఎరను అరుగు మీద నుంచి జామచెట్టు కిందికి జరిపినా అంతే.

ప్రతి రాత్రికీ రాయవలసినవి ఎక్కువేమీ కావు: దీపం వెలిగించిన సమయం, ఆర్పిన సమయం, మధ్యలో కరెంటు పోతే ఎంతసేపు పోయింది, ఆకాశం మబ్బుగా ఉందా, గాలి ఉందా, వాన పడిందా, వీలైతే రాత్రి ఉష్ణోగ్రత. గాలి కదలని, ఉక్కగా, మబ్బు కమ్మిన రాత్రి డబ్బా నిండుతుంది. నిండు వెన్నెలలో అదే ఎర వెలవెలబోతుంది. తిథి రాసుకోవడం మన ఇళ్లలో కొత్త పని కాదు కనుక, తేదీ పక్కనే తిథి కూడా వేయండి. పౌర్ణమికి అటూ ఇటూ సంఖ్య తగ్గితే కారణం వెతుక్కోనక్కర్లేదు. వ్యవసాయ కుటుంబాల వారు కార్తెలు కూడా రాస్తారు, అది మంచిదే. తొలి వానలకు నేలలోని ప్యూపాల నుంచి ఎర్ర గొంగళి పురుగు తల్లులు (రెక్కలొచ్చిన పెద్ద పురుగులు) ఒక్కసారిగా బయటికి రావడం వంటివి కార్తెల వరుసలో చక్కగా కనబడతాయి. తేదీ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఒక రాత్రికి రెండు తేదీలుంటాయి. దీపం వెలిగించిన సాయంత్రం తేదీనే ఎప్పుడూ వేయండి. ఒకరోజు సాయంత్రం తేదీ, మరొకరోజు ఉదయం తేదీ వేసిన పుస్తకాన్ని తరువాత ఎవరూ సరిచేయలేరు.

ఇక పేర్లు. తెలియని పేరు రాయకపోవడం తప్పు కాదు, తెలియకుండా రాయడమే తప్పు. మన దేశంలో రెక్కల పురుగులు పది వేల జాతులకు పైగా ఉన్నాయి. వాటిలో పెరటి ఎరకు వచ్చే కొన్నింటిని మాత్రం తేలికగా గుర్తుపట్టవచ్చు. ఆకుపచ్చ, గులాబి రంగుల మెలికలతో, బాణంలా సాగిన రెక్కలతో కనిపించే పెద్ద పురుగు డాఫ్నిస్ నేరియై. దాని గొంగళి మీ గన్నేరునో నందివర్ధనాన్నో తిని పెరిగి ఉంటుంది. గోధుమరంగు ముందు రెక్కలు తెరిచినప్పుడు వెనుక రెక్కలు నలుపు తెలుపులుగా కనిపిస్తే అది ఆముదం పంటను తినే దాసరి పురుగు తల్లి కావచ్చు. కానీ మన శనగపచ్చ పురుగు (హెలికోవర్పా) తల్లిని దాని దగ్గరి బంధువుల నుంచి రెక్కలు చూసి వేరుచేయడం అనుభవజ్ఞులకు కూడా ఒక్కోసారి సాధ్యం కాదు, జననాంగాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించవలసి వస్తుంది. అలాంటప్పుడు “హెలికోవర్పా ప్రజాతి, 4” అని ఆగిపోవడమే నిజాయితీ. బియ్యపు గింజంత ఉన్నవాటిని “చిన్నవి, బూడిదరంగు, 11” అని రాసినా నష్టం లేదు.

పేరు తెలియని ప్రతిదానినీ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి: పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వీలైతే వెనుక రెక్క కనబడేలా ఒకటి. కదులుతుంటే చిన్న మూత డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే మందకొడిగా కూర్చుంటుంది. ఫొటో సంఖ్యను పుస్తకంలో అదే వరుసలో రాయండి. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు అడిగే ఐనేచురలిస్ట్ వంటి ఆన్‌లైన్ వేదికలలో ఎవరైనా పేరు చెబితే, పాత రాతను కొట్టివేయకుండా పక్కన కొత్త పేరు, చెప్పిన తేదీ చేర్చండి. 2018లో కర్ణాటకలో మొదటిసారి గుర్తించిన కత్తెర పురుగు ఆ ఏడాదే మన రెండు రాష్ట్రాల మొక్కజొన్న చేలకు కూడా చేరింది. అటువంటి కొత్త పురుగు ఒక ఊరికి ఎప్పుడు వచ్చిందో తేదీ, ఫొటో ఉన్న ఒక్క వరుస చెప్పగలదు. మీ పుస్తకం ఉపయోగం గురించి అడిగారు కనుక ఈ మాట చెబుతున్నాను.

ప్రశ్న: మా బత్తాయి తోటలో కాయలకు సూదితో పొడిచినట్టు రంధ్రాలు పడి రాలిపోతున్నాయి. రసం పీల్చే రెక్కల పురుగు అంటున్నారు. నెల రోజులుగా దీపపు ఎర పెట్టినా అది రెండు మూడు సార్లకు మించి పడలేదు. అంటే తోటలో అది లేదనుకోవచ్చా?
— ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: అనుకోకూడదు. మీరు చెప్పిన రసం పీల్చే పురుగులు, అంటే యూడొసిమా జాతుల తల్లి పురుగులు, కాంతికి అంతగా రావు, వాటిని రప్పించేది పండు వాసన. ఎర పుస్తకంలో సున్నా ఉన్నంత మాత్రాన తోటలో సున్నా అని కాదు, పైన తెనాలి పాఠకురాలికి చెప్పిన మాట మీకు మరింత వర్తిస్తుంది. చీకటి పడిన తరువాత టార్చితో వరుసకు పది చెట్ల చొప్పున కాయలను చూసి, వాలి ఉన్నవాటిని లెక్కపెట్టి, ఆ లెక్కను ఎర లెక్కతో కలపకుండా వేరే పేజీలో రాయండి. నారింజరంగు వెనుక రెక్కల మీద నల్లని మచ్చ ఉంటే అదే మీరు వెతుకుతున్నది. దాని గొంగళి బత్తాయి ఆకు తినదు, తిప్పతీగ, దూసరితీగ వంటి వాటి మీద పెరుగుతుంది. కంచె మీద పాకిన తీగలను కూడా చూసి, గొంగళ్లు కనబడిన తేదీలు రాయండి.

ప్రశ్న: ఉదయం వదిలిన పురుగులను పిగిలిపిట్టలు అక్కడికక్కడే తినేస్తున్నాయి. చీమలు కూడా పడుతున్నాయి. ఏం చేయాలి?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పిట్టలకు మీ వేళ తెలిసిపోయింది. తెల్లవారకముందే దీపం ఆర్పి, డబ్బాకు తడిగుడ్డ కప్పి, నీడలోకి తీసుకుపోండి. లెక్క అయ్యాక ఒకే చోట కుమ్మరించకుండా గుబురు పొదల లోపల తలా కొన్ని వదలండి, లేదా సాయంత్రం దాకా చల్లని చోట ఉంచి వదలండి. డబ్బాలో కోడిగుడ్ల అట్టలు నిలబెడితే వాటి గుంటలలో పురుగులు ప్రశాంతంగా కూర్చుంటాయి, రెక్కలు చెడవు. రైతులు వాడే కిరోసిన్ నీళ్ల పళ్లెం మీకు వద్దు. ఎరను స్టూలు మీద పెట్టి, నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. అట్టలను విప్పేటప్పుడు, చీమలాగే ఉండి నారింజ, నలుపు పట్టీలున్న సన్నని పేడెరస్ పురుగు కనబడితే చేత్తో నలపకండి, దాని రసం తగిలిన చోట చర్మం మంటెక్కి బొబ్బలు లేస్తాయి. ఊదితే అదే పోతుంది.