అన్యభాషలు దేనికి? అవి రాకపోతే పరిశుద్ధాత్మ లేనట్టేనా?

మీరు రెండు విషయాలు అడిగారు. అన్యభాషలతో మాట్లాడటం, అంటే ప్రార్థనలో తాము నేర్చుకోని మాటలు నోట రావడం, దేనికి అన్నది ఒకటి. అవి రానివాళ్లు పరిశుద్ధాత్మ పొందలేదని మీ సంఘంలో అంటున్నారు కదా, అది నిజమా అన్నది రెండోది. రెండోదానికి ముందే చెప్పేస్తాను: నిజం కాదు. నేను పెంతెకొస్తు సంఘంలో పెరిగినవాణ్ణి, ఇప్పటికీ అప్పుడప్పుడు భాషల్లో ప్రార్థిస్తాను. అయినా నా జవాబు ఇదే.

ఇక ఉద్దేశం సంగతి. అడగ్గానే అందరూ అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం తీస్తారు. పెంతెకొస్తు పండుగనాడు గలిలయవాళ్లైన యేసు శిష్యులు మాట్లాడుతుంటే పార్తీయులు, మాదీయులు, ఐగుప్తు నుంచీ రోమా నుంచీ వచ్చినవాళ్లు ఎవరి భాషలో వాళ్లు విన్నారు. బాగానే ఉంది. నాకు మాత్రం అసలు సంగతి 10వ అధ్యాయంలో తెలిసింది. కొర్నేలీ రోమా శతాధిపతి, యూదుడు కాదు. అతని ఇంట్లో పేతురు ప్రసంగం ఇంకా పూర్తికాకముందే అక్కడివాళ్లు భాషలతో దేవుణ్ణి ఘనపరచడం మొదలుపెట్టారు. ఎవరూ వాళ్లకి నేర్పలేదు, అడగమని చెప్పలేదు, అప్పటికి బాప్తిస్మం కూడా కాలేదు. అది చూసి విస్తుపోయింది ఎవరు? పేతురుతో వచ్చిన యూదా విశ్వాసులు. అన్యజనుల్ని కూడా దేవుడు చేర్చుకున్నాడని నమ్మలేకపోతున్న వాళ్లకి చూపించిన సూచన అది. 11వ అధ్యాయంలో యెరూషలేములో నిలదీసినప్పుడు పేతురు చెప్పుకున్న వాదన కూడా ఇదే.

అంటే అక్కడ భాషలు బయటివాళ్లని లోపలికి తెచ్చాయి. ఇవాళ కొన్నిచోట్ల అవే భాషలతో లోపల ఉన్నవాళ్లని బయటికి నెడుతున్నారు. పెంతెకొస్తు రోజున బాప్తిస్మం పొందిన సుమారు మూడు వేలమంది భాషల్లో మాట్లాడారని ఎక్కడా రాయలేదు. ఐతియొపీయుడైన నపుంసకుడి విషయంలోనూ లేదు, లూదియ విషయంలోనూ లేదు.

భాషలే ఆత్మ బాప్తిస్మానికి (అంటే పరిశుద్ధాత్మతో నింపబడటానికి) మొదటి గుర్తు అనే బోధ సిద్ధాంతంగా గట్టిపడింది మొన్నమొన్ననే. 1901లో అమెరికాలోని టొపీకాలో చార్లెస్ పార్హమ్ తన బైబిల్ పాఠశాలలో దీన్ని బోధించాడు. 1906లో లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధి ఉజ్జీవం మొదలైంది. దాన్ని నడిపిన విలియం సేమోర్ నల్లజాతి బోధకుడు. ఇవి నిజమైన పరదేశ భాషలేననీ, మిషనరీలు ఇక భాష నేర్చుకోనక్కర్లేదనీ పార్హమ్ నమ్మకం. ఆ ధైర్యంతో దేశాలు దాటి వెళ్లినవాళ్ల మాటలు అక్కడి జనానికి అర్థం కాలేదు. అయినా ఈ పెంతెకొస్తు ఉద్యమం ఆగలేదు. ఇది ప్రార్థన కోసం, ఆరాధన కోసం ఇచ్చిన వరం అన్న అవగాహన వైపు జరిగింది. నా మటుకు ఆ మార్పు పౌలుకి దగ్గరగా రావడమే.

ఎందుకంటే 1 కొరింథీయులకు 14వ అధ్యాయంలో పౌలు చెప్పింది చాలా సూటిగా ఉంది. భాషతో మాట్లాడేవాడు దేవుడితో మాట్లాడుతున్నాడు, దానివల్ల అతనికి క్షేమాభివృద్ధి కలుగుతుంది. సంఘంలో అయితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, ఒకరు అర్థం చెప్పాలి. అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండి తనలో తాను దేవుడితో మాట్లాడుకోవాలి. మీ అందరికంటే ఎక్కువగా భాషలతో మాట్లాడతానని చెప్పుకున్న మనిషే, సంఘంలో పదివేల మాటలకంటే అర్థమయ్యే అయిదు మాటలు మేలన్నాడు. భాషల్ని ఆటంకపరచవద్దని కూడా ఆయనే అన్నాడు, ఇది భాషలే వద్దనేవాళ్లు మర్చిపోతారు.

మా యూత్ కూటాల్లో జరిగింది చెప్తాను. అభిషేకం కోసం, అంటే పరిశుద్ధాత్మ పొందడం కోసం, మమ్మల్ని ముందుకి పిలిచేవాళ్లు. "హల్లెలూయ" అని ఆపకుండా, వేగంగా అనమనేవాళ్లు. నాలుక తడబడి ఏదో శబ్దం రాగానే "వచ్చేసింది, స్తోత్రం!" అని మైకులో చెప్పేవాళ్లు. రానివాళ్లని పక్కన కూర్చోబెట్టి, దాచిన పాపం ఏదో ఉంటుంది ఒప్పుకో అనేవాళ్లు. నాకు రాలేదు. ఆ టెన్షన్‌లో ప్రార్థన చేయడమే మానేసే స్థితికి వచ్చాను. నాతోపాటు నిలబడ్డ ఒక స్నేహితుడు శబ్దాలు అనుకరించి తప్పించుకున్నాడు, తర్వాత అతనే నాకు చెప్పాడు. (అతనిప్పుడు సంఘానికే వెళ్లడు.)

నాకు ఆ అనుభవం చాలా ఏళ్ల తర్వాత, ఒక్కణ్ణే ఉన్నప్పుడు వచ్చింది. దగ్గరి మనిషి ఒకరు జబ్బుతో ఉన్నారు. బతికించమని అడగాలో, బాధ నుంచి విడిపించమని అడగాలో తెలియలేదు. ఆ సమయంలో నోట వచ్చినవి నాకు తెలిసిన మాటలు కావు. రోమీయులకు 8:26లో ఉచ్చరింప శక్యముకాని మూలుగుల గురించి ఉంటుంది. ఆ వచనం భాషల వరం గురించి కాదని కొందరు అంటారు, కావచ్చు. నాకు జరిగినదానికి మాత్రం అంతకంటే దగ్గరి వాక్యం దొరకలేదు. ఉద్రేకం ఏమీ లేదు, కావాలంటే ఆపగలిగేవాణ్ణే. ఏం అడగాలో తెలియనప్పుడు కూడా ప్రార్థన ఆగక్కర్లేదని అర్థమైంది. నేను చూసిన ఉద్దేశం అదే.

ఇవి భాషలే కావని భాషాశాస్త్రవేత్తలు అంటారు కదా అని మీరు అడగొచ్చు. విలియం సమరిన్ అనే ఆయన ఇలాంటి మాటల్ని పరిశీలించి, మాట్లాడేవాడికి ముందే తెలిసిన ధ్వనులే అందులో ఉంటాయనీ, వ్యాకరణం ఉండదనీ తేల్చాడు. నాకు అందులో ఇబ్బందేమీ కనిపించలేదు. ఏడుపుకీ వ్యాకరణం ఉండదు. కాకపోతే, ఇది ఫలానా దేశపు భాష అని ఎవరైనా మీతో గట్టిగా అంటే వెంటనే నమ్మకండి.

భాషలు అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయనేవాళ్లు 1 కొరింథీయులకు 13వ అధ్యాయంలోని "నిలిచిపోవును" (ఆగిపోతాయి) అన్న మాట చూపిస్తారు. ఆ మాటకి నాలుగు వచనాల తర్వాతే దేవుణ్ణి ముఖాముఖిగా చూడటం గురించి ఉంది, అది ఇంకా జరగలేదు కాబట్టి నాకు ఆ వాదన నిలబడదు.

మీ నాయకులు ఈసారి ఒత్తిడి చేస్తే వాదన పెట్టుకోకుండా 1 కొరింథీయులకు 12:30 చదివి వినిపించమని మర్యాదగా అడగండి. అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలే అక్కడ అడిగాడు, అందరూ మాట్లాడరు అన్నదే జవాబు అన్నట్టు అడిగాడు. వరం కావాలనిపిస్తే ఇంట్లో అడగండి. మైకు ముందు మాత్రం శబ్దాలు అనుకరించకండి.