అడుగు రేటు సరే, రోజుకు మిగిలేదెంత?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరులో ఒక కాంట్రాక్టర్ దగ్గర ఎనిమిదేళ్లుగా టైల్స్ పని చేస్తున్నాను. రోజుకు 1,100 రూపాయలు. నెలకు 26 రోజులు పని ఉంటుంది. అక్కడ గదికి, తిండికి 7,000 దాకా పోతుంది. ఇంటి దగ్గర అమ్మ, భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. ఇంటి ఖర్చు నెలకు 18,000. ఇక ఊళ్లోనే ఉండి సొంతంగా పనులు పట్టుకుందామని ఉంది. ఇక్కడ చదరపు అడుగుకు 24 రూపాయలు ఇస్తున్నారు. నేనూ ఒక హెల్పరూ కలిస్తే ఫ్లోరింగ్ రోజుకు 120 అడుగులు వేస్తాం. హెల్పర్‌కు 800 ఇవ్వాలి. నా దగ్గర 1,40,000 ఉంది. పనిముట్లకు 38,000 అవుతుందన్నారు. ముద్ర లోను 3 లక్షలు తీసుకుని పాత ఓమ్నీ వ్యాను కొందామనుకుంటున్నాను. తెలిసిన బిల్డర్ ఒకాయన 12 ఫ్లాట్ల పని ఇస్తానంటున్నాడు, కాకపోతే మెటీరియల్ కూడా నన్నే వేసుకోమంటున్నాడు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ అంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఊరికి రండి. కానీ వ్యాను వద్దు, ముద్ర లోను ఇప్పుడే వద్దు, మెటీరియల్ అసలే వద్దు.

మీరు ఉత్తరంలో రాసిన లెక్కలు బాగున్నాయి. చాలామంది ఆ మాత్రం కూడా రాయరు. వాటితోనే మొదలుపెడదాం. 120 అడుగులను 24తో గుణిస్తే రోజుకు 2,880. అందులో హెల్పర్‌కు 800, పెట్రోలు, టీలు, చిల్లర ఖర్చులకు 200 తీసేయండి. మీకు మిగిలేది 1,880. బెంగళూరు కూలి 1,100 పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

అయితే అక్కడ నెలకు 26 రోజులు పని వెతికిపెట్టేది మీ కాంట్రాక్టర్. ఇక్కడ ఆ పని కూడా మీదే. కొలతలకు వెళ్లిన రోజు, ప్లంబర్ రాక ఆగిన రోజు, ఇసుక దిగని రోజు, డబ్బుల కోసం తిరిగిన రోజు, ఏ రోజూ కూలి పడదు. మొదటి ఏడాది నెలకు 17 రోజులు నికరంగా పని దొరికిందనుకుందాం. 17 రోజులకు 31,960. బ్లేడ్లు, గ్రైండర్ రిపేర్లు, పనిముట్ల అరుగుదల కింద 2,000 తీసేయండి. చివర్లో ‘సర్దుకో అన్నా’ అంటూ ఎగ్గొట్టే డబ్బు, పగలగొట్టి మళ్లీ వేయాల్సి వచ్చిన టైల్స్ కింద ఇంకో 2,500 తీసేయండి. సుమారు 27,500 మిగులుతుంది. బెంగళూరులో 28,600 వచ్చి, గదికీ తిండికీ 7,000 పోయి, ఇంటికి చేరేది 21,600. అంటే ఇక్కడ నెలకు ఆరు వేలు ఎక్కువ, పైగా ఇంటి భోజనం. మీ నిర్ణయం సరైనదే. కానీ మిగులు మీరు అనుకున్నంత పెద్దది కాదు. రెండు తప్పుడు ఒప్పందాలు చేసుకుంటే ఆ మిగులు పోతుంది.

మొదటి తప్పు బాత్రూమ్‌ల దగ్గర జరుగుతుంది. ఫ్లోరింగ్ రేటే గోడకూ ఒప్పుకునే కొత్త మేస్త్రీలు చాలామంది ఉంటారు. బాత్రూమ్‌లో కటింగ్ ఎక్కువ, ట్యాపులకు రంధ్రాలు, నహానీ ట్రాప్ (నీళ్లు పోయే రంధ్రం) వైపు వాటం, మూలల్లో డిజైన్ కలపడం. ఇద్దరు కలిసినా రోజుకు 60 అడుగులు అయితే గొప్ప. 60 అడుగులకు 24 చొప్పున వచ్చేది 1,440. హెల్పర్, ఖర్చులు పోను మీ చేతికి 440 రూపాయలు. మీ హెల్పర్ మీకంటే ఎక్కువ సంపాదిస్తాడన్నమాట.

అందుకే రేటు చెప్పేముందు అడుగులు కాదు, రోజులు లెక్కపెట్టండి. మీ ఇద్దరి రోజు విలువ 2,880. ఏ పని వచ్చినా అది ఎన్ని రోజులు పడుతుందో చూసి దానితో గుణించండి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవున్న బాత్రూమ్‌కు ఏడడుగుల ఎత్తు గోడ టైల్స్ అంటే, తలుపు, కిటికీ తీసేసి, కింద ఫ్లోరింగ్ కలుపుకుంటే దాదాపు 180 అడుగులు. మూడు రోజుల పని. 8,500 అడగండి. బేరంలో 7,500కు దిగినా, రోజుకు మీకు 1,500 మిగులుతుందని తెలిసి దిగుతారు. మెట్లకు మెట్టు లెక్కన, స్కర్టింగ్‌కు (గోడ అడుగున వేసే పట్టీ) రన్నింగ్ ఫీట్, అంటే పొడవు లెక్కన విడిగా మాట్లాడుకోండి. పై అంతస్తులకు టైల్స్ మోత కూలి ఎవరిదో ముందే తేల్చుకోండి. ఇది తేల్చుకోకపోవడం వల్లే మూడో అంతస్తు ఇళ్లలో సగం గొడవలు.

ఇంటివాళ్లతో కలిసి టేపు పట్టి కొలతలు తీసి, ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. వాట్సాప్‌లో ఫోటో పంపినా చాలు. బాత్రూమ్‌లో టైల్స్ మొదలుపెట్టే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేసిన చోట ఒక రోజు నీళ్లు నిలబెట్టించి, ఆ ఫోటో కూడా పెట్టుకోండి. కింది గదిలో చెమ్మ దిగితే మొదట ఫోన్ వచ్చేది టైల్స్ మేస్త్రీకే, తప్పు ప్లంబింగ్‌ది అయినా సరే.

డబ్బు విడతలుగా తీసుకోండి. పని మొదలుపెట్టినప్పుడు 20 శాతం, తర్వాత ప్రతి శనివారం వేసిన అడుగులకు బిల్లు, గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు నింపడం) అయ్యాక మిగతాది. చివరికి 5 శాతానికి మించి ఆగకుండా చూసుకోండి. అడ్వాన్స్ వచ్చిన రోజు పాపకు గౌను కొనాలనిపిస్తుంది. ఆ డబ్బు ఇంకా మీది కాదు, చేయాల్సిన పనిది. పని కోసం వేరే బ్యాంకు ఖాతా తెరిచి, దానికే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. వచ్చినదంతా అందులోకే రావాలి. శనివారం బట్వాడాలో హెల్పర్‌కు ఇచ్చినట్టే మీ కూలి కూడా లెక్కకట్టి ఇంటి ఖాతాకు పంపుకోండి.

ఇక రెండో తప్పు జరిగే చోటు, ఆ 12 ఫ్లాట్లు. ఒక్కరే చేయలేరు కాబట్టి ఇంకో ఇద్దరు మేస్త్రీలను, మొత్తం ముగ్గురు హెల్పర్లను పెట్టారనుకోండి. మేస్త్రీలకు 1,100, హెల్పర్లకు 800 చొప్పున రోజుకు 4,600 కూలి. 26 రోజులకు 1,19,600. బిల్డర్ ఒక్క నెల బిల్లు ఆపాడంటే మీరు ఎనిమిదేళ్లు దాచిన డబ్బు దాదాపు అంతా ఆయన బిల్డింగులో ఉంటుంది. ఆయన మంచివాడే కావచ్చు. ఫ్లాట్లు అమ్ముడుపోకపోతే ఎంత మంచివాడైనా ముందు సిమెంటు, స్టీలు షాపుల అప్పు తీరుస్తాడు, లేబర్ బిల్లు తర్వాతే. కాబట్టి రెండు ఫ్లాట్లు లేబర్ మాత్రమే ఒప్పుకోండి. వారం వారం డబ్బులు వస్తే మూడోది, నాలుగోది.

మెటీరియల్ ఎందుకు వద్దంటున్నానంటే, టైల్స్ పెట్టె మీద ఉండే బ్యాచ్, షేడ్ నంబర్లు మారితే అదే డిజైన్ రంగు తేడా కొడుతుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన లోడులో ఆ బ్యాచ్ అయిపోయిందంటే మళ్లీ దొరకడం కష్టం. ఇంటివాళ్లు కొంటే ఆ నష్టం వాళ్లది, షాపుది. మీరు కొంటే మీది. పగిలినవి మీవి, మిగిలినవి మీవి, షాపులో అప్పు మీది. పైగా సరుకు విలువంతా మీ టర్నోవర్‌లో చేరుతుంది. లేబర్ పనికి ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. మీ లెక్క ప్రకారం మీకు వచ్చేది ఆరు లక్షల లోపు. సరుకుతో కలిపి 12 ఫ్లాట్లు చేస్తే ఆ గీత దాటే అవకాశం ఉంది.

టైల్స్ షాపులు మేస్త్రీకి ఇచ్చే కమిషన్ గురించి మీరు అడగలేదు. అయినా చెబుతాను. దాన్ని ఆదాయంలో లెక్కవేసుకోవద్దు. అనంతపురం అంత పెద్ద ఊరేం కాదు, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో నెలలో తెలిసిపోతుంది.

మీ 1,40,000లో 38,000 పనిముట్లకు పోతే 1,02,000 ఉంటుంది. నాలుగు నెలల ఇంటి ఖర్చు 72,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి మరిచిపోండి. మిగిలిన 30,000 పని ఖాతాలో ఉంచండి. ఒక హెల్పర్‌కు ఆరు వారాల కూలి అది. నాలుగు నెలలెందుకంటే, 2019లో ఇసుక దొరక్క రాష్ట్రమంతటా కట్టడాలు ఆగి కూలీలు ఖాళీగా కూర్చున్నారు. మరుసటి ఏడాదే లాక్‌డౌన్. అంత పెద్దవి రాకపోయినా ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, కొత్త ఇళ్ల హడావుడి తగ్గుతుంది. అలాంటప్పుడు పాత బాత్రూమ్‌ల రిపేర్లు పట్టుకోండి. తాడిపత్రి బండలు, కడప బండలు, వంటింటి గ్రానైట్ గట్టు పని వచ్చి ఉంటే ఖాళీ రోజులు ఇంకా తగ్గుతాయి, రాకపోతే నేర్చుకోవడానికి ఈ ప్రాంతాన్ని మించింది లేదు. పాత కాంట్రాక్టర్‌తో మాట తెంచుకోవద్దు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. పని లేని రెండు వారాలు అక్కడ చేసి రావచ్చు.

లోను విషయంలో వరుస ముఖ్యం. ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీమేస్త్రీ ఒకటి. చిన్న శిక్షణ ఉంటుంది, ఆ రోజులకు 500 చొప్పున భత్యం ఇస్తారు. పనిముట్లకు 15,000 వరకు ఈ-వోచర్ వస్తుంది. తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష రూపాయలు, 18 నెలల్లో కట్టాలి. కిస్తీ నెలకు సుమారు 5,780. అది తీర్చాక 2 లక్షల దాకా రెండో విడత. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. ముద్ర లోను తీసుకుని అది తీరకుండా ఉంటే ఈ పథకానికి అర్హత పోతుంది. అందుకే ముద్ర ముందు వద్దన్నాను. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో దరఖాస్తు పెట్టండి, టైల్స్ పనిని తాపీమేస్త్రీ కింద నమోదు చేస్తారేమో అక్కడే అడగండి. వోచర్ వచ్చేదాకా ఖరీదైన కట్టర్, లేజర్ లెవెల్ ఆపి, గ్రైండర్, రసమట్టం లాంటివాటితో మొదలుపెట్టవచ్చు. లక్ష లోను వస్తుంది కదా అని తీసుకోవద్దు, ఆ కిస్తీ కట్టడానికి నెలకు మూడు రోజుల పని పోతుంది.

వ్యానుకు ఇంకో చిక్కుంది. ఇంట్లో సొంత నాలుగు చక్రాల బండి ఉంటే రైస్ కార్డుకు అడ్డం. కార్డు పోతే బియ్యం ఒక్కటే కాదు, దాని మీద అందే మిగతావీ చిక్కులో పడతాయి. మీ పనిముట్లు బైకు మీదే తీసుకెళ్లవచ్చు. బరువుంటే ఆ రోజుకు ఆటో మాట్లాడుకోండి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌కు భయపడాల్సిందేమీ లేదు. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. మీ ఆదాయం మూడు, మూడున్నర లక్షలు. చిన్న వ్యాపారులు వచ్చిన మొత్తంలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభంగా చూపించే వీలుంది గానీ, మీకు నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువ కాబట్టి నిజమే చూపించండి. పన్ను ఎలాగూ సున్నా. రేపు ఇంటి లోనుకు, టర్మ్ పాలసీకి (మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే బీమా) వెళితే వాళ్లు చూసేది ఆ అంకెనే. బిల్డర్ కంపెనీ అయితే బిల్లులో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కింద కోసుకుంటుంది, రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. ప్యాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. రైస్ కార్డుకున్న పన్ను నిబంధన పన్ను కట్టేవాళ్ల గురించి, సున్నా పన్నుతో రిటర్న్ వేసేవాళ్ల గురించి కాదు. అయినా ఒకసారి సచివాలయంలో అడిగి వేయండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు అడిగేవాళ్ల దగ్గరకు వెళ్లకండి.

బీమా ఈ నెలలోనే చేయండి. ప్రభుత్వ పథకాల్లో ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా అయిన జీవన జ్యోతి 436. రెండూ బ్యాంకు ఖాతా నుంచే పోతాయి, ఒక్కోదానికి 2 లక్షల రక్షణ. నలుగురున్న ఇంటికి అది చాలదు. రెండు రిటర్నులు వేశాక 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. ఆసుపత్రి ఖర్చులకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నా, మంచంలో ఉన్న రోజుల కూలి అది ఇవ్వదు. ఆ 72,000 ముట్టుకోవద్దన్నది అందుకు కూడా. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు లేకపోతే నమోదు చేయించుకోండి. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు అర్హులు.

పింఛను సంగతి. 30 ఏళ్ల వయసులో అటల్ పెన్షన్‌లో చేరితే నెలకు 577 కడితే 60 తర్వాత నెలకు 5,000 వస్తుంది. చేరండి. కానీ టైల్స్ మేస్త్రీ మోకాళ్లు 60 దాకా ఆగవు. 50 నుంచి 60 వరకు ఉండే ఆ పదేళ్లకు డబ్బు వేరే కావాలి. ఏడాది గడిచి పని కుదురుకున్నాక నెలకు 2,000 చొప్పున ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా పొదుపు, మొదలుపెట్టండి. పాపకు సుకన్య ఖాతా పోస్టాఫీసులో 250తో తెరవవచ్చు, పదేళ్లు నిండేలోపు తెరవాలి.

గ్రైండర్‌తో పొడిగా కోయకండి, నీళ్లు పోస్తూ కోయండి, మాస్కు పెట్టుకోండి. టైల్ దుమ్ములోని సిలికాతో ఊపిరితిత్తులు పాడైతే తిరిగి బాగుపడవు. మీ హెల్పర్‌కు కూడా మాస్కు కొనివ్వండి. అతని 20 రూపాయల ప్రమాద బీమా ఏటా మీరే కట్టండి, పని ఖర్చుల్లో రాసుకోండి.