సౌండ్ పోతే అతనికి స్క్రీన్ పోయినట్టే

ప్రశ్న: మా అబ్బాయికి పూర్తిగా చూపు లేదు. ఇంటర్ అయ్యి బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరాడు. వాళ్ల మేనమామ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది, ర్యామ్ 4 జీబీ. దానిలో విండోస్ 11 పడదట. విండోస్ బదులు లినక్స్ వేయిస్తే డబ్బులక్కర్లేదు, ఉద్యోగానికీ మంచిదని కొందరంటున్నారు. చూపు లేనివాళ్లకు అది కుదరదని ఇంకొందరు. ఏం చేయమంటారు? — ఒక తల్లి, నంద్యాల

జవాబు: కుదరదన్న మాట పక్కన పెట్టేయండమ్మా. లినక్స్‌లో ఆర్కా అనే స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) ఎన్నో ఏళ్లుగా ఉంది, పైసా ఖర్చు లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కాబట్టి మీ ఆలోచన సరైన సమయంలోనే వచ్చింది.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, ఇక ఏ లినక్స్ అన్నది. షాపువాళ్లు, సీనియర్లు అందంగా కనిపించేదో కొత్తగా వచ్చిందో చెబుతారు. మీ అబ్బాయికి ఆ రెండూ అక్కర్లేదు. నేను ఒక్కటే చూస్తాను: రేపు సిస్టమ్ పాడైతే పక్కవాళ్ల కళ్లు అరువు తెచ్చుకోకుండా తనే మళ్లీ వేసుకోగలడా? నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి స్నేహితుడు ఏదో లినక్స్ వేసిచ్చాడు. ఒక అప్‌డేట్ తర్వాత సౌండ్ పోయింది. మనకైతే పాటలు వినపడవు, అంతే. అతనికి మొత్తం కంప్యూటరే పోయినట్టు. ఆ స్నేహితుడు ఊరి నుంచి వచ్చేదాకా పదిహేను రోజులు ల్యాప్‌టాప్ మూసిపెట్టుకుని కూర్చున్నాడు.

అందుకే నా ఓటు డెబియన్ అనే లినక్స్‌కి. దాని ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి మొదటి మెనూ రాగానే ఎస్ నొక్కి ఎంటర్ కొడితే, ఇన్‌స్టలేషన్ మొత్తం మాటల్లో వినిపిస్తుంది. ప్రశ్న చదువుతుంది, జవాబు టైప్ చేయాలి. అలా వేసుకుంటే తర్వాత సిస్టమ్ కూడా మాట్లాడుతూనే తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ ఏది కావాలని అడిగినప్పుడు మాటే (MATE) అన్నదాన్ని ఎంచుకోమనండి. తేలిగ్గా నడుస్తుంది, మెనూలు ఉన్నచోటే ఉంటాయి. డెబియన్ కొత్త వెర్షన్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది, మధ్యలో పెద్ద మార్పులుండవు. కుర్రాళ్లకు బోర్ అనిపించవచ్చు, మనకు కావలసింది ఆ బోరే.

ముందు ఒక పూట ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ పెన్‌డ్రైవ్‌తో ట్రయల్ వేయండి. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. ఆల్ట్, విండోస్ గుర్తున్న కీ, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఆర్కా మాట్లాడుతుంది. ఈ ల్యాప్‌టాప్‌లో సౌండ్, వైఫై పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది. సౌండ్ మొరాయిస్తే వాడుకోవడానికి ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని బ్యాగులో ఉంచుకోమనండి. ఒక్కచోట మాత్రం చూపున్నవాళ్ల సాయం తప్పదు: ల్యాప్‌టాప్ పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేలా బయోస్ (విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) మార్చడం. ఆ స్క్రీన్‌ను ఏ రీడరూ చదవదు. ఆ రోజు మీరో మేనమామో పక్కన ఉండి చదివి చెప్పండి.

ఉన్న విండోస్‌ను మాత్రం చెరపొద్దు. ఒక ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) కొని డెబియన్ దాంట్లో వేయించి, పాత హార్డ్ డిస్క్ బీరువాలో దాచండి. పాత ల్యాప్‌టాప్ కూడా చురుగ్గా నడుస్తుంది.

ఎందుకు చెరపొద్దంటున్నానంటే, మన బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది విండోసే. అక్కడ అతనికి తోడు విండోస్‌లో నడిచే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. అదీ ఉచితమే, ఓపెన్ సోర్సే. 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టి జేమ్స్ టేతో కలిసి పెంచారు, ఇద్దరికీ చూపు లేదు. దాని పోర్టబుల్ కాపీని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడపవచ్చు. ల్యాబ్ ఇన్‌చార్జిని ఒక్కసారి అడిగి ఉంచండి. వెబ్‌సైట్లు అందరికీ అందుతున్నాయా లేదా చూసే యాక్సెసిబిలిటీ టెస్టింగ్ ఉద్యోగాల్లో కూడా ఎన్‌వీడీఏ బాగా తెలిసి ఉండాలి.

మరి లినక్స్ ఉద్యోగానికి ఎక్కడ పనికొస్తుందంటే టెర్మినల్ దగ్గర, అంటే కమాండ్లు టైప్ చేసి పని చేయించుకునే చోట. అక్కడ బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. సర్వర్లు చాలావరకు లినక్స్ మీదే నడుస్తాయి, వాటిని చూసుకునేవాళ్లు పనిచేసేది ఆ నల్ల స్క్రీన్ మీదే. మౌస్ లేదని అక్కడ ఎవరూ వెనకబడరు. పద్నాలుగేళ్ల వయసులో చూపు పోయిన టి.వి. రామన్ పుణెలో, ఐఐటీ బాంబేలో చదివి, కార్నెల్‌లో పీహెచ్‌డీ చేసి, ఈమాక్స్ అనే ఎడిటర్‌ను మాట్లాడించే ఈమాక్‌స్పీక్ రాశారు. మీ అబ్బాయికి ఈ పేరు చెప్పండి, మిగతాది తనే వెతుక్కుంటాడు.

తెలుగు సంగతి. స్క్రీన్ రీడర్లకు గొంతునిచ్చే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు ఉంది, కానీ రోబో చదివినట్టే ఉంటుంది. కొన్ని రోజులకు అలవాటవుతుంది. అంతకంటే పెద్ద తలనొప్పి అను ఫాంట్లలో టైప్ చేసిన నోట్సు. స్క్రీన్ మీద చక్కటి తెలుగే, లోపల మాత్రం వేరే అక్షరాలు, అందుకే చదివించి వింటే అర్థంలేని అక్షరాలు. అది ఆర్కా తప్పూ కాదు, మీ అబ్బాయి తప్పూ కాదు. నోట్సు యూనికోడ్‌లో (కంప్యూటర్ తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలో) ఇవ్వమని లెక్చరర్లను ఇప్పుడే అడగండి, పరీక్షల ముందు కాదు.