తరగతిలో అన్న ఒక మాట

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మొన్న నరసన్నపేటలో ఒక పెళ్లిలో పాత విద్యార్థి ఒకతను నమస్కరించి, ఏడో తరగతిలో తాను ‘నాను సదివినాను మాస్టారూ’ అన్నప్పుడు నేను ‘నీకు నోరు తిరగదురా, నువ్వు మాట్లాడకపోతేనే తెలుగుకు మేలు’ అన్నానని, తరగతంతా నవ్విందని, ఈనాటికీ నలుగురిలో నోరు విప్పలేక కూతురి బడిలో సమావేశాలకు భార్యనే పంపుతున్నానని ఎంతో మర్యాదగా చెప్పాడు. అతను చెప్పేవరకు ఆ సంగతి నాకు గుర్తే లేదు. ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి పిల్లల చేత మాట్లాడించినవాణ్ణి నేను. క్షమాపణ చెప్పుకోవాలని ఉంది. పాత సంగతి కెలకవద్దని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, ఆమదాలవలస)

జవాబు: మాస్టారూ, పాతికేళ్లు గడిచాక పెళ్లి పందిట్లో మీ దగ్గరకు నడిచివచ్చి చెప్పాడంటే అతనికి అది పాత సంగతి కాదు. కాబట్టి మీ అబ్బాయి సలహాను పక్కన పెట్టండి.

మీకు గుర్తులేకపోవడంలో వింత లేదు. మీరు ఆ మాట ఒక్కసారి అన్నారు. అతను మాట్లాడబోయిన ప్రతిసారీ దానిని మళ్లీ విన్నాడు. పదిమందిలో సిగ్గుపడిన క్షణంలో ఒంట్లో ఎగసే అడ్రినలిన్ వంటి హార్మోన్లు ఆ క్షణపు జ్ఞాపకాన్ని గట్టిపరుస్తాయి. మీకు మాత్రం అది మామూలు రోజే. విజయనగరంలో మా పెద్దమ్మకు, కాపురానికి వచ్చిన కొత్తలో, ‘నీ చేతితో కలిపితే ఆవకాయ బూజు పడుతుంది’ అని వాళ్ల అత్తగారు అన్నారు. అత్తగారు పోయి నలభై ఏళ్లయినా, ఎంత చెప్పినా, ఆవిడ జాడీ ముట్టలేదు.

అయితే మీ విషయంలో నన్ను ఎక్కువగా బాధించినది మరొకటి. ‘నాను’ అనేది ఆ కుర్రవాడు తప్పుగా నేర్చుకున్న మాట కాదు, ఇంట్లో తల్లి నోట విన్న మాట. మన ప్రాంతంలో ఎంతోమంది ‘చదువు’ను ‘సదువు’ అని, ‘చెప్పు’ను ‘సెప్పు’ అని పలకడం నోరు తిరగక కాదు. ఆ పలుకుబడికి ఒక క్రమం ఉంది, పదం మొదటి చకారం అక్కడ వరుసగా సకారమవుతుంది. అంటే మీ మాట కటువైనదే కాక అబద్ధం కూడా. తెలుగు మాస్టారి నోట వచ్చింది కనుక పన్నెండేళ్ల పిల్లవాడు దానిని నిజమనుకున్నాడు, ఆ నవ్వులో వాళ్లమ్మ మాట కూడా కలిసిపోయింది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వారు సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు అందాలని తాను సవర నేర్చుకుని వాచకాలు రాశారు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుకే ‘ఆ రోజు కటువుగా మాట్లాడాను, మన్నించు’ అంటే సరిపోదు. అలా అంటే మీరు తప్పుబట్టినది మీ గొంతునే అవుతుంది. అతని నోటి మీద మీరిచ్చిన తీర్పు అలాగే నిలిచి ఉంటుంది. ‘నేను చెప్పింది తప్పు, నీ మాటలో లోపం లేదు, ఆ సంగతి తెలిసి ఉండవలసిన నేను తెలియనట్టు మాట్లాడాను’ అని, మీరన్న మాటను ఉన్నదున్నట్టుగా మళ్లీ పేర్కొని చెప్పండి. అతని మంచే కోరానని, ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారని చెప్పకండి. ఆ వివరణ మీకు ఊరట, అతనికి భారం. క్షమించమని బతిమాలకండి కూడా, ఎందుకంటే మాస్టారు బతిమాలితే మన ఊళ్లలో ఏ విద్యార్థీ కాదనలేడు.

ఇంటికి పిలిపించుకోవద్దు, ఫోనులోనూ చెప్పవద్దు. మీ చేతిరాతతో ఉత్తరం రాయండి. తీరిక ఉన్నప్పుడు ఒంటరిగా చదువుకుంటాడు, కావాలంటే మళ్లీ చదువుకుంటాడు. ఆనాడు నవ్విన వాళ్లలో ఎవరితోనైనా మీకు ఇప్పటికీ రాకపోకలుంటే, అతని అనుమతి తీసుకున్నాకే, వాళ్లకూ ఇదే మాట చెప్పండి. అతని దగ్గరనుంచి జవాబు రాకపోతే, ఉత్తరం చేరిందా అని మాత్రం అడగకండి.