ఆ చీటీకి జవాబు చెప్పాల్సింది మీ ఆయన

ప్రశ్న: మేము టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉంటున్నాం. మావారు ఐటీ ఉద్యోగి. ఆఫీసులో రోజూ మాట్లాడే జపనీస్ ఆయనకు బాగా అలవాటే. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను, భాష రాదు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. కింద ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. మా ఇంట్లో చప్పుళ్లు ఎక్కువగా ఉన్నాయని మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి రెండుసార్లు చీటీ వచ్చింది. నా మిక్సీ వల్లేనని మావారు అన్నారు. స్వీట్ బాక్సు కొనుక్కుని కిందికి వెళ్ళి, నాలుగు సార్లు తల వంచి, వచ్చిన రెండు ముక్కల్లో క్షమాపణ చెప్పాను. అయినా మూడో చీటీ వచ్చింది. ఈసారి అర్ధరాత్రి దాటాక మాటలు వినిపిస్తున్నాయని రాశారు. మావారు తెనాలిలో ఉన్న అత్తయ్యగారితో వీడియో కాల్ మాట్లాడేది అప్పుడే. ఆవిడకు వినికిడి తక్కువ కాబట్టి గట్టిగా మాట్లాడాలి. టైమ్ మార్చమంటే ‘అమ్మ బాధపడుతుంది, మధ్యలో నువ్వు రాకు’ అన్నారు. ఇక్కడివాళ్లకు మనమంటే పడదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇల్లు మారిపోవడం మంచిదా?
– ఒక సోదరి, టోక్యో

జవాబు: ఇల్లు మారకండి. మారినా అక్కడా కింద ఎవరో ఉంటారు, ఫోనూ అదే వేళకు మోగుతుంది. టోక్యోలో ఇల్లు మారడమంటే డిపాజిట్, ఓనరుకిచ్చే తిరిగిరాని డబ్బు, ఏజెంటు ఫీజు, గ్యారంటీ కంపెనీ ఫీజు అన్నీ కలిపి కొన్ని నెలల అద్దె ముందే చేతిలోంచి పోతుంది. విదేశీయులంటే వెనకాడే ఓనర్లు కూడా ఉన్నారు. ఇక మనమంటే పడదా అన్న అనుమానం కూడా వదిలేయండి. అక్కడ తలుపు కొట్టి ముఖం మీద అడిగేవాళ్లు తక్కువ. పై ఇంట్లో జపాన్‌వాళ్లే ఉన్నా ఆవిడ మేనేజ్‌మెంట్ కంపెనీకే చెప్పేవారు, ఇలాంటి చీటీయే వచ్చేది. ఆవిడకు నిద్ర పట్టడం లేదు, చెప్పుకున్నారు.

మీ ఉత్తరంలో నా మనసు కష్టపెట్టింది ఆ స్వీట్ బాక్సు. జపనీస్ వచ్చిన మనిషి ఇంట్లో కూర్చున్నారు. రాని మనిషి మెట్లు దిగి వెళ్ళి తల వంచింది. అది కూడా తాను చేయని తప్పుకు! మీరు దీన్ని ఏదో మామూలు విషయంలా ఒక్క వాక్యంలో రాసేసి ముందుకు వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేకపోతున్నానమ్మా. మొదటి రెండు చీటీలూ ఆయన చదివే ఉంటారు కదా? అర్ధరాత్రి దాకా గట్టిగా మాట్లాడేది తానేనని ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసీ మిక్సీ మీదికి నెట్టారు. మీ గొడవ కింది ఆవిడతో కాదు, మీ ఆయనతో.

తల్లితో రోజూ మాట్లాడే కొడుకంటే నాకు గౌరవమే. ఒంటరిగా ఉన్న తల్లికి కొడుకు గొంతు వినిపించాలి, అందులో రెండో మాట లేదు. కానీ తల్లికి ఒక్క మాట చెప్పలేని మొహమాటాన్ని ప్రేమ అనుకుని, దాని భారం భార్య తలకెత్తితే నేను ఒప్పుకోను. ‘మధ్యలో నువ్వు రాకు’ అన్నారట. క్షమాపణ చెప్పడానికి మధ్యలోకి వెళ్ళింది మీరే కదా!

అసలు అత్తయ్యగారికి సంగతి తెలుసా? జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. ఆవిడ తెనాలిలో భోంచేసి, వంటిల్లు సర్దుకుని తొమ్మిదింటికి ఫోన్ పట్టుకుంటే మీ దగ్గర పన్నెండున్నర. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాల్సిన కొడుకును అంతసేపు మేలుకోబెడుతున్నానని తెలిస్తే ఏ తల్లయినా ‘అయ్యో, పడుకో నాన్నా’ అనదూ? ఆవిడ బాధపడతారని ఆయన ఊహించుకుంటున్నారు, అడిగి చూడలేదు. అక్కడ సాయంత్రం ఐదయితే మీకు ఎనిమిదిన్నర. ఆ వేళకు ఆయన ఇంటికి చేరకపోతే పొద్దున్న ఉంది. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఐదింటికే లేచి కాఫీ పెట్టుకుంటారు, మీకు అప్పుడూ ఎనిమిదిన్నరే. ఆయన బయల్దేరే ముందు పది నిమిషాలు చాలు. ఆదివారం ఎంతసేపు మాట్లాడుకున్నా అడ్డు లేదు, బాబు కూడా నానమ్మను చూస్తాడు.

ఇంకో మాట కూడా ఆయనతో అనండి. తల్లికి వినపడటం లేదని గొంతు పెంచడం కంటే ఆవిడకు పరీక్ష చేయించడం కొడుకు పని. గుంటూరు, విజయవాడ దగ్గరే ఉన్నాయి, బంధువులెవరినైనా తోడిచ్చి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించమనండి. వినికిడి మిషన్ పెడితే ఆవిడకు ఇరుగుపొరుగు మాటలూ వినిపిస్తాయి. ఇన్నాళ్లూ ఎవరూ ఆ ఆలోచన చేయకపోవడం నాకు బాధగానే ఉంది.

బాబు పడుకున్నాక, ఫోన్ రాకముందు, మూడు చీటీలూ ఆయన ముందు పెట్టండి. ఏడవకండి, పాతవి తవ్వకండి. ‘ఈసారి కిందికి మీరు వెళ్ళి మాట్లాడాలి, నేను పక్కన ఉంటాను. అత్తయ్యకు టైమ్ సంగతి కూడా మీరే చెప్పాలి’ అనండి. వారం చూడండి. అప్పటికీ చెప్పకపోతే ఒక మధ్యాహ్నం మీరే అత్తయ్యగారికి ఫోన్ చేయండి. కొడుకు మీద ఫిర్యాదు వద్దు. ‘ఆయనకు నిద్ర చాలడం లేదత్తయ్యా, పొద్దున్నే మాట్లాడుకుందాం’ అంటే చాలు. కోడలిగా ఆ హక్కు మీకుంది, ఆయన అనుమతి అక్కర్లేదు.

మిక్సీ కూడా తెల్లారగట్ల వేస్తుంటే మానేయండి, కింద మందపాటి మ్యాట్ వేయండి. బాబు పరుగెత్తే గదికీ అంతే.

మీ గురించి ఒకటి అడుగుతాను. భాష రాదని ఎన్నాళ్లు ఇంట్లో కూర్చుంటారు? టోక్యో వార్డుల్లో అక్కడివాళ్లే స్వచ్ఛందంగా నడిపే జపనీస్ క్లాసులు ఉంటాయి, ఫీజు ఉండదు లేదా నామమాత్రం. ఇమిగ్రేషన్ ఆఫీసులో అనుమతి తీసుకుంటే డిపెండెంట్ వీసా మీద వారానికి 28 గంటల దాకా పని కూడా చేసుకోవచ్చు. ముందు వార్డు ఆఫీసుకు వెళ్ళి క్లాసుల వివరాలు అడగండి. బాబును ఆ పూట ఆయన చూసుకుంటారు.