ఒకే ఇంటిపేరున్న పండితుల రచనలు వెతకాలంటే ముందు ఊరు, గోత్రం రాసుకోండి

మీరు అడిగింది ఇదీ: మీ ఇంటిపేరుతో పాత పుస్తకాల్లో, తాళపత్రాల కేటలాగుల్లో చాలామంది పండితులు కనిపిస్తున్నారు. వాళ్లంతా ఒకే వంశమా? వాళ్ల రచనలు, రాతప్రతులు ఒకచోట చేర్చాలంటే తిరుపతిలో ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటిపేరు ఏమిటో మాత్రం రాయలేదు. పర్లేదు, ఏ ఇంటిపేరైనా దారి ఒకటే.

ఒకే వంశం కానక్కర్లేదు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. ఒక ఊరు వదిలి బయటికి పోయిన పురోహితుడికీ, కరణానికీ, కంసాలికీ కొత్త ఊళ్లో ఆ పాత ఊరి పేరే ఇంటిపేరుగా పడుతుంది. అందుకని ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసినట్టు కాదు. గోత్రం, సూత్రం (ఇంట్లో కర్మలు ఏ ఋషి గ్రంథం ప్రకారం చేస్తారో చెప్పేది), పూర్వీకుల ఊరు, ఈ మూడూ కలిస్తే అప్పుడు ఆలోచించండి. మన చిత్తూరు వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. అరవదేశం పక్కనే ఉండటం వల్ల ఇక్కడ చాలామంది పేరు ముందు రాసుకునేది ఇంటిపేరు అక్షరం కాదు, తండ్రి పేరులోని అక్షరం. పాత పుస్తకం అట్ట మీద ఒక్క ఇనీషియల్ చూసి మనవాడే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇదంతా నాకెట్లా తెలుసంటే, కొన్నేళ్ల కింద మా ఇంటిపేరు వాళ్ల ఆత్మీయ సమ్మేళనానికి ఒక ప్రత్యేక సంచిక వేయాలనుకున్నారు. తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి ఆ పని నా నెత్తిన పడింది. ఇక ఫోన్లు మొదలు. ఫలానా కవి మనవాడే, ఫలానా వ్యాకరణం మనవాళ్లదే, ఫొటోతో సహా వేసేయ్ అని. ఆధారం ఏమిటి చిన్నాయనా అంటే, ‘మా నాయన చెప్పినాడు, చాలదా’ అనేవాడు. చాలదు. కానీ ఆ మాట పెద్దవాళ్ల మొహం మీద ఎలా అంటాం?

అందుకే ముందు ఆధారాలు గట్టిగా ఉన్న ఒక ఇంటిపేరును చూడమంటాను. మనకు దగ్గరలోనే ఉంది, తాళ్లపాక. రాజంపేట పక్కన ఊరు. అన్నమాచార్యులు (1408–1503) భారద్వాజ గోత్రం. సంకీర్తనల రాగిరేకుల్లో మొదటి రేకే మనకు కావలసిన సమాచారం ఇస్తుంది. శకవర్షం 1346 క్రోధి సంవత్సరంలో, అన్నమాచార్యులు పుట్టిన పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, అక్కడినుంచి శకవర్షం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన చెప్పిన సంకీర్తనలనీ అందులో చెక్కి ఉంది. సంవత్సరం పేరు, శక సంఖ్య, తిథి, ఇంటిపేరు, అన్నీ ఒక్కచోట. ఇలాంటి ఆధారం ఒక్కటి దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఆ ఇంట్లో ఎవరి దారి వారిదే, చూడండి. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. కొడుకు పెద తిరుమలాచార్యులు తండ్రి పాటలతో పాటు తనవీ రాగిరేకుల మీదికి ఎక్కించాడు, భగవద్గీతను తెలుగు వచనంలోకి తెచ్చాడు. మనవడు చిన తిరుమలాచార్యులు సంకీర్తన లక్షణం రాశాడు. పాటకు శాస్త్రం అన్నమాట. తాత అదే విషయం మీద సంస్కృతంలో రాశాడని మనకు తెలిసేది ఈ మనవడి పుస్తకం వల్లనే, తాతగారి సంస్కృత గ్రంథం దొరకలేదు. ఇంకో మనవడు చిన్నన్న ద్విపదలో దిట్ట, తాత జీవితచరిత్ర రాసింది ఆయనే. అంటే కవులూ వాళ్లే, రాతగాళ్లకు డబ్బు పెట్టిందీ వాళ్లే, చరిత్ర రాసుకున్నదీ వాళ్లే. దాచిందీ అంతే, తిరుమల గుడి లోపలి సంకీర్తన భండారంలో.

అయినా లోకం మరిచిపోయింది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేసిన ఏ.డి. క్యాంప్‌బెల్, తిరుపతిలో వేల రాగిరేకుల మీద నన్నయ వ్యాకరణం ఉందని విని వాటిని పరీక్ష చేయించాడు. చూస్తే అవి స్వామి మీద కీర్తనలు. వ్యాకరణం కాదని పక్కన పెట్టేశాడు! రేకులు ఉన్నాయని తెలిసినా వాటిని వెలికితీసి చదివించడానికి ఇంకో వందేళ్లు పట్టింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి శాసనాల పనిలో వాటి సంగతి బయటపెట్టాక, 1935లో తాళ్లపాక కవుల చిన్న రచనలు దేవస్థానం అచ్చు వేసింది.

ఇక్కడ ఒక కిటుకు. తిరుమల తిరుపతి శాసనాలు చాలావరకు తమిళంలో ఉన్నాయి. వాటిలో పెద తిరుమలాచార్యులు ‘తిరుమలయ్యంగారు’గా కనిపిస్తాడు. తెలుగు రూపం ఒక్కటే పట్టుకుని సూచిక వెతికితే, ఆయన గుడికి రాసిచ్చిన కైంకర్యాలన్నీ మీ చేయి జారిపోతాయి. మీ ఇంటిపేరు కూడా తమిళంలో ఎలా పలుకుతుందో, చివర మకారం చేరుతుందో లేదో రాసుకుని పోండి. దేవస్థానం శాసన సంపుటాలకు ఇంగ్లీషు అనువాదాలు, సూచికలు ఉన్నాయి కాబట్టి తమిళం రాకపోయినా పని నడుస్తుంది.

ఆ రేకులను చదివి, పాటలను పరిష్కరించినవాళ్లలో, అంటే తప్పులు సరిచూసి అచ్చుకు సిద్ధం చేసినవాళ్లలో, వేటూరి ప్రభాకరశాస్త్రి ఒకరు. కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టి, మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత తిరుపతి వచ్చి 1950లో ఇక్కడే పోయారు. శృంగార శ్రీనాథం, చాటుపద్య మణిమంజరి, బసవపురాణ పరిష్కరణ ఆయన పనులు. క్రీడాభిరామం శ్రీనాథుడిదేనని వాదించి పెద్ద చర్చకు కారణమయ్యారు. ఆయన కొడుకు ఆనందమూర్తి ఆచార్యుడై తాళ్లపాక కవుల మీదే పరిశోధన చేశారు. అదే ఇంటి బంధువు సుందరరామ్మూర్తి సినిమా పాటల్లో జాతీయ అవార్డు దాకా వెళ్లారు. ఇప్పుడు ఫోన్లో ‘వేటూరి’ అని కొట్టి చూడండి, వందలాది సినిమా పాటల కింద ప్రభాకరశాస్త్రి ఎక్కడో అడుగున ఉంటారు. సుందరరామ్మూర్తి గారి తప్పేమీ లేదు. కానీ వెతికేవాడు పూర్తి పేరుతో, పుట్టిన ఏడుతో వెతకకపోతే మిగిలినవాళ్లు లేనట్టే లెక్క.

వీళ్లు నిజంగా బంధువులు కాబట్టి సరిపోయింది. రాళ్లపల్లి సంగతి చూడండి. అన్నమయ్య పాటలకు స్వరాలు కూర్చిన అనంతకృష్ణశర్మ (1893–1979) ఇంటిపేరు అనంతపురం జిల్లా రాళ్లపల్లి నుంచి వచ్చింది. మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పి, గాథాసప్తశతిని తెలుగు చేసి, ఆ తర్వాత తిరుపతి వచ్చిన మనిషి. అదే ఇంటిపేరుతో మనందరికీ తెలిసిన సినిమా నటుడు తూర్పుగోదావరి వారు. ఇద్దరినీ ఒక వంశవృక్షంలో ఇరికించిన పోస్టు ఒకటి నాకు వాట్సాప్‌లో వచ్చింది, ఇప్పటికీ తిరుగుతోంది.

అనంతకృష్ణశర్మ చేత వేమన మీద ఉపన్యాసాలు ఇప్పించింది కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన మన చిత్తూరు మనిషి, కట్టమంచి ఇప్పుడు పట్నంలో కలిసిపోయింది. ముసలమ్మ మరణం, కవిత్వతత్త్వ విచారం రాసినవాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్. ఆయన తెలుగు పుస్తకాలు ‘క’ దగ్గర దొరుకుతాయి. ఇంగ్లీషు ఉపన్యాసాలు, ఉత్తరాలు కావాలంటే ‘సి.ఆర్. రెడ్డి’ అని చూడాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు ‘సి’ అక్షరంతో రాసుకున్నారు. లైబ్రరీ వాళ్లు కొన్నిచోట్ల ‘రెడ్డి’ దగ్గర కూడా పెడతారు. ఒక్క మనిషి మూడు అరల్లో! అలాగే మానవల్లి రామకృష్ణకవి. నన్నెచోడుడి కుమారసంభవాన్ని వెలికితీసి 1909లో అచ్చు వేసినవాడు, అభినవభారతి అనే వ్యాఖ్యానంతో సహా నాట్యశాస్త్రాన్ని పరిష్కరించినవాడు, చివరి రోజుల్లో తిరుపతిలో ఉండి భరతకోశం అనే సంగీత నాట్య పదకోశం తెచ్చినవాడు. సంస్కృత కేటలాగుల్లో ఆయన ఎం. రామకృష్ణకవి. ఇంటిపేరుతో వెతికితే నాట్యశాస్త్రం మీ జాబితాలోకి రాదు.

దీనికి తిరగబడిన కేసూ ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యుల ఇంటివాళ్లది అసలు తిరుమల వారనీ, ఊరి మీదుగా పుట్టపర్తి అయిందనీ చెబుతారు. మీ వంశంలోనూ ఇలా పేరు మారిన కొమ్మ ఉందేమో పెద్దవాళ్లను అడగండి. ఆడపిల్లల సంతానం ఎలాగూ వేరే ఇంటిపేరు కిందికి పోతుంది.

ఇక తాళపత్రాలు. మా చిన్నాయన వాళ్లది కార్వేటినగరం దగ్గర పల్లె. అటక మీద ఇత్తడి బిందెల వెనక పాతచీర ముక్కలో చుట్టిన కట్టలు దొరికాయి. తాడు విప్పగానే సన్నటి పొడి రాలింది, చివరి ఆకులు పురుగు తిని జల్లెడైపోయాయి. మధ్య ఆకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప అక్షరం కనపడదు, ఎందుకంటే గంటంతో గీసిన గీతలో నింపిన మసి ఎప్పుడో పోయింది. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. చివర మా ఇంటిపేరుతో ఒకాయన పేరు ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకటే సంతోషం, మనవాళ్ల కావ్యం దొరికిందని.

నిదానంగా చదివితే ఆయన కవి కాదు, రాతగాడు. ఆకు మీద మూడు రకాల పేర్లు ఉండొచ్చు: రచన చేసినవాడు, చూసి రాసినవాడు, రాయించి దాచుకున్నవాడు. కవి తన వంశం చెప్పుకునేది అవతారికలో, అంటే కావ్యం ముందుమాటలో, ఇంకా ఆశ్వాసం (అధ్యాయం) చివరి గద్యలో. తండ్రి పేరు, గోత్రం, గురువు, అన్నీ అక్కడే ఉంటాయి. రాతగాడు మాట్లాడేది అంతా అయిపోయాక: వీపు, నడుము, మెడ విరిగేలా రాశాను, జాగ్రత్తగా కాపాడండి అనే శ్లోకం, ఆ తర్వాత తన పేరు, ఊరు, సంవత్సరం. మా కట్టలో ఉన్నది ఆ శ్లోకం తర్వాతి పేరు. ఇంట్లో కొందరికి ముఖం చిన్నబోయింది గానీ నాకైతే ఆ రాతగాడి మీదే గౌరవం పెరిగింది. కావ్యం ఎవరిదైతేనేం, అది మనదాకా వచ్చింది అతని నడుం నొప్పి వల్ల. సంచికలో ఆయనకు సగం పేజీ ఇచ్చాను.

సంవత్సరంతో కూడా జాగ్రత్త. రాతగాళ్లు చాలాసార్లు ‘రక్తాక్షి’, ‘విలంబి’ అని ఊరుకుంటారు, శకం వేయరు. అది అరవై ఏళ్లకోసారి వచ్చేదే కదా. వారం, తిథి కూడా ఉంటే పంచాంగంతో సరిచూసి తేల్చవచ్చు. లేకపోతే వదిలేయండి, మీకు నచ్చిన శతాబ్దం అంటించకండి.

తిరుపతిలో ఎక్కడికి పోవాలంటే, మొదట ఎస్.వి. యూనివర్సిటీలోని ప్రాచ్య పరిశోధన సంస్థ. 1939లో దేవస్థానం పెట్టింది, 1956లో యూనివర్సిటీకి ఇచ్చారు. తాళపత్రాలు అక్కడ ఉన్నాయి. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. అచ్చు పుస్తకాలకు దేవస్థానం లైబ్రరీ. పోయేముందు ఒక దరఖాస్తు, మీ గుర్తింపు కార్డు జిరాక్స్ దగ్గర ఉంచుకోండి. ‘మా ఇంటిపేరు వాళ్లవి ఏమున్నాయి’ అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు, పాత కేటలాగులు ఎక్కువగా గ్రంథం పేరు వరసలో ఉంటాయి. గ్రంథాల పేర్లు రాసుకుని పోతే పని జరుగుతుంది. సంస్కృత ప్రతులు కొన్ని గ్రంథలిపిలో, అంటే అరవదేశంలో సంస్కృతం రాయడానికి వాడిన పాత లిపిలో ఉంటాయి, దానికి చదివేవాళ్లను ముందే మాట్లాడుకోండి.

భూముల రికార్డులను మాత్రం మరవకండి. పండితులకు మాన్యాలు, అంటే పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో ఇచ్చిన ఇనాం భూములు ఉండేవి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ వాళ్లు ఇనాం ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని రిజిస్టర్లలో రాశారు. కవి గద్యలో చెప్పని మనవళ్ల పేర్లు అక్కడ దొరుకుతాయి. అయితే చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు కాగితాల్లో చిత్తూరు, చంద్రగిరి వైపు ఊళ్లు ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె, వాయల్పాడు కడప కింద ఉంటాయి. జిల్లా పేరు చిత్తూరు అని పెట్టి వెతికితే ఖాళీ చేతులతో వస్తారు.

జాబితా రాసేటప్పుడు పేరు ఎదురుగా ఇంకో గడి పెట్టండి: ఈ మాట ఎక్కడిది? గద్యలో ఉందా, శాసనంలోనా, రిజిస్టర్లోనా, ఇంట్లో చెప్పుకునేదా. నాలుగోది కూడా రాయండి, కొట్టేయొద్దు, కాకపోతే ఆ గడిలో ‘వినికిడి’ అని ఉండాలి. మా చిన్నాయన దానికే మొదట అలిగాడు, తర్వాత ఆయనే ఫోన్ చేసి ఇంకో రెండు వినికిడులు చేర్చమన్నాడు.

ఇంట్లో కట్టలు దొరికితే నిమ్మగడ్డి నూనె పూయాలని ఎవరో ఒకరు చెబుతారు. చేసే పనే, కానీ తెలిసినవాళ్లు చేయాలి. మీరు మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఆకుల వరస మార్చకుండా రెండు వైపులా ఫొటోలు తీయండి, అంతే. మీ ఇంటిపేరు, గోత్రం, పూర్వీకుల ఊరు ఇక్కడ రాస్తే ఏ సూచికలో ముందు చూడాలో నాకు తెలిసినంత చెబుతాను.