వాద్యాలు వేరైనప్పుడు విజేతను ఎలా తేలుస్తారు?

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. చిన్నప్పటి నుంచి కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది. ఈసారి బ్రిటన్‌లో యువ వాద్యకారులకు జరిగే బీబీసీ యంగ్ మ్యుజీషియన్ పోటీ ఫైనల్‌కు తనను తీసుకువెళ్లాలని ఉంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మా ఇద్దరికీ కొత్త. ఒకరు పియానో, ఒకరు వయొలిన్, మరొకరు డ్రమ్ములు వాయిస్తే అందులో ఎవరు మేలో ఎలా తేలుస్తారు? మేము ఏమి గమనిస్తూ వినాలి?
– ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: మీ మొదటి సందేహం ఈ పోటీ పుట్టిన 1978 నుంచీ ఉన్నదే. ఆ ఏడాది ఫైనల్‌లో పియానో వాయించిన స్టీఫెన్ హఫ్ తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు గాని, ఆనాడు గెలిచినది ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదు వాద్యం వాయించిన మైకేల్ హెక్స్ట్. 2008లో పన్నెండేళ్ల పీటర్ మూర్ కూడా ట్రాంబోన్‌తోనే విజేత అయ్యాడు. 1994లో తాళవాద్యాలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2022లో జోర్డాన్ యాష్‌మన్ జెన్నిఫర్ హిగ్డన్ రచించిన తాళవాద్య కన్చెర్టోను (ఒక వాద్యం ప్రధానంగా, ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేందుకు రాసిన రచన) వాయించి గెలిచాడు. పియానోకు, వయొలిన్‌కు ఉన్నన్ని గొప్ప కన్చెర్టోలు ట్రాంబోన్‌కు లేవు. కనుక రచనల గొప్పతనాన్ని పక్కపక్కన పెట్టి తూచడం న్యాయం కాదు. తాను ఎంచుకున్న రచనను ఆ పిల్లవాడు ఎంత లోతుగా అర్థం చేసుకున్నాడు, దానిని శ్రోతకు ఎంతవరకు చేర్చగలిగాడు అన్నదే చూడవలసినది. వేగానికి అబ్బురపడి అదే గొప్ప అనుకోవద్దని మీ అమ్మాయికి ముందే చెప్పండి.

రెండవ ప్రశ్నకు కొంత వివరంగా చెప్పవలసి ఉంది. ఫైనల్‌కు చేరినవారు పూర్తి ఆర్కెస్ట్రాతో కలిసి కన్చెర్టో వాయిస్తారు. మన కచేరీలో వయొలిన్ గాయకుని అనుసరించి నడుస్తుంది, అందరి ముందూ మైకులు ఉంటాయి. ఇక్కడ పదుల సంఖ్యలో వాద్యకారులు వెనుక ఉండగా, మైకు సహాయం లేకుండా ఒక్క వాద్యపు నాదం హాలు చివరి వరుస దాకా వినబడాలి. అందుకు వాయించేవారి బలం మాత్రమే చాలదు; సంగీతం రాసిన రచయిత కూడా ఆ వాద్యం వినబడేలా చోటు విడిచిపెట్టాలి. 2016లో షేకూ కానే మేసన్ లండన్ బార్బికన్ హాల్‌లో వాయించి గెలిచిన షొస్తకోవిచ్ రచించిన మొదటి చెల్లో (వయొలిన్ కంటే పెద్దదైన కమాను వాద్యం) కన్చెర్టో ఇందుకు చక్కని ఉదాహరణ. 1959 నాటి ఆ రచనలో ఇత్తడి వాద్యాలలో ఒకే ఒక్క హార్న్ ఉంటుంది. అది చెల్లోతో మాట్లాడుతున్నట్లు పదే పదే ముందుకు వస్తుంది. మూడవ భాగమంతా చెల్లో ఒంటరిగా సాగుతుంది. మన తని ఆవర్తనం వలె అక్కడ అందరూ ఆగి ఒక్కరినే వింటారు, అయితే అందులో ప్రతి స్వరమూ రచయిత ముందుగా రాసిపెట్టినదే. వెళ్లే ముందు ఇంట్లో మీ అమ్మాయికి దీనిని వినిపించండి. ఫైనల్‌లో వాయించబోయే రచనల పేర్లు తెలియగానే వాటిని కూడా ఒకటి రెండుసార్లు వినండి.

గమకాలు ఏవి అని ఆమె తప్పక అడుగుతుంది. ఇక్కడ స్వరానికి ప్రాణం పోసేది ఎక్కువగా కుడిచేతి కమాను ఒత్తిడి, ఎడమచేతి వేలి సన్నని కంపనం. వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల కనుక ఆ తేడాను మీకంటే ముందే పట్టుకుంటుంది.

ఫలితం గురించి ఒక మాట. 2004 ఫైనల్‌లో పదహారేళ్ల నికోలా బెనెడెట్టి, షిమనోవ్‌స్కీ మొదటి వయొలిన్ కన్చెర్టోతో గెలిచింది. అదే వేదికపై పదకొండేళ్ల బెంజమిన్ గ్రోవ్‌నర్ పియానో వాయించి ఓడిపోయాడు. ఈనాడు ఇద్దరూ ప్రపంచమంతటా కచేరీలు చేస్తున్నారు. కాబట్టి మీ అమ్మాయికి నచ్చినవారు గెలవకపోతే, తన అభిరుచిని న్యాయనిర్ణేతల తీర్పుతో సరిచేసుకోమని చెప్పకండి.

పోటీ రెండేళ్లకొకసారి వస్తుంది, ఫైనల్ ప్రతిసారీ ఒకే ఊరిలో జరగదు. 2018లో మీ బర్మింగ్‌హామ్ సింఫనీ హాల్‌లోనే జరిగింది. కన్చెర్టో భాగాల మధ్య విరామంలో చప్పట్లు కొట్టరు, మధ్యలో మనవలె ‘ఆహా’ అనరు. అంతా ముగిశాకనే కరతాళ ధ్వనులు. టికెట్లు కొనేటప్పుడు వీలైతే వేదికకు ఎదురుగా నిలబడితే ఎడమవైపు వచ్చే సీట్లు తీసుకోండి. పియానో మీటలపై చేతులు అటు కూర్చున్నవారికే బాగా కనబడతాయి, వయొలిన్ వాద్యకులు కూడా సాధారణంగా ఆ పక్కనే నిలబడతారు.